అమ్మకి ఓర్కాని చూపించాలి: పడవ ఎక్కించాలా, శాన్ వాన్ ద్వీపంలో బండ మీద కూర్చోబెట్టాలా?

బోథెల్ బుజ్జి:

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్న మే నెలలో వచ్చారు, సెప్టెంబరు మొదటివారంలో వెళ్ళిపోతారు. మాది కోనసీమ, కొత్తపేట దగ్గర పల్లె. స్నోక్వాల్మీ జలపాతం అయింది, రెయినియర్ కొండ అయింది, గుడి ప్రతి శనివారం అవుతోంది, కాస్ట్‌కో అయితే నాన్నకి క్షేత్రదర్శనంతో సమానం. ఇంక మిగిలింది ఓర్కాలే, అదే ఈ సముద్రంలో తిరిగే నలుపూ తెలుపూ తిమింగలాలు.

ఇది నా సరదా కాదు, అమ్మ పట్టు. పోయిన జనవరిలో ఊళ్ళో ఉండగా ఆవిడ ఫోనుకి ఎవరో వీడియో పంపారట. చచ్చిపోయిన పిల్లని తలతో నెట్టుకుంటూ, వదలకుండా ఈదుతున్న తల్లి. అది మేముండే సియాటిల్ పక్కనున్న సముద్రమే అని తెలిసిన దగ్గర్నుంచి "ఆ తల్లిని ఒక్కసారి చూపించరా" అంటోంది. ఏదో ఒక తిమింగలం కాదు, ఆ తల్లినే. అదేమన్నా మన పక్కింటావిడా, వెళ్ళి తలుపు కొట్టడానికి?

నాన్నకి మోకాళ్ళ నొప్పులు. ఫర్లాంగు నడిచాక కూర్చోవాలి. అమ్మకి రాజమండ్రి బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. పడవ టూరు నాలుగైదు గంటలంటున్నారు, తలకి వంద డాలర్ల పైమాటే. ఒడ్డు నుంచే కనిపిస్తాయని ఇంకొకరు అన్నారు. జులై మంచిదా, ఆగస్టా? కచ్చితంగా కనిపించే చోటు ఏదన్నా ఉందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

సియాటిల్ చిన్నోడు:

బ్రో, రెండో ఆలోచన వద్దు, పడవే. పోయిన వేసవిలో మేం అనకోర్టెస్ రేవు నుంచి వెళ్ళాం, గంటలోపే ఆరు కనిపించాయి. ఒకటి సీల్‌ని తోకతో కొట్టి గాల్లోకి ఎగరేసింది, మా పిల్లలు ఇప్పటికీ అదే చెప్పుకుంటారు. ఆంటీకి వాంతుల మాత్ర ఇచ్చి నడిమధ్యలో కూర్చోబెట్టండి, సరిపోతుంది. ఒడ్డున కూర్చుంటే సాయంత్రం దాకా నీళ్ళూ కంటెయినర్ ఓడలూ తప్ప ఏం కనపడవు. మేం చూసిన గుంపులోనే ఆంటీ అడిగిన తల్లి కూడా ఉండే ఉంటుంది, అన్నీ ఒక దగ్గరే తిరుగుతాయి కదా.

శుక్రవారం రేవు:

బుజ్జిగారూ, నా పేరు చూసి నవ్వకండి, మా ఊరు శాన్ వాన్ ద్వీపంలో ఫ్రైడే హార్బరేనండి. పదకొండేళ్ళ బట్టీ ఇక్కడే ఉంటున్నాం. ద్వీపం మొత్తం మీద ఎనిమిది వేల పైచిలుకు జనం, అందులో తెలుగువాళ్ళని లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. మావారు మందుల షాపులో పని, నేను రెండు మూడు కొట్లకి లెక్కలు రాస్తాను. శనివారాలు లైమ్ కిల్న్ పార్కులో నిలబడి వచ్చినవాళ్ళకి ఓర్కాల సంగతులు చెబుతాను, జీతం లేని ఉద్యోగం. పుట్టిల్లు యానాం అవతలండి, అంచేత మీ అమ్మగారు నాకు దగ్గరి మనిషే.

ముందు చిన్నోడు గారి మాట ఒకటి సరిచెయ్యాలి. తమ్ముడూ, నువ్వు చూసినవి అవి కావు. సీల్‌ని ఎగరేసింది అన్నావు చూడు, అక్కడే తెలిసిపోయింది. ఈ నీళ్ళలో తిరిగే ఓర్కాలు ముఖ్యంగా రెండు జాతులనుకోండి. ఒకే సముద్రం, ఒకే నలుపూ తెలుపూ, కానీ ఒకదానికొకటి చుట్టరికం లేదు, మాట కలవదు, కంచం కలవదు. మొదటివి బిగ్స్ ఓర్కాలు. సీళ్ళు, సీ లయన్లు, డాల్ఫిన్ లాంటి పోర్పాయిస్‌లు వీటి తిండి. అవి ఈ చుట్టుపక్కల బోలెడున్నాయి, అందుకే ఇవి కడుపునిండా తిని పిల్లల్ని కని పెరుగుతున్నాయి. ఈ రోజుల్లో పడవ టూర్లలో జనం చూసేవి ఎక్కువగా ఇవే. రెండోవి సదరన్ రెసిడెంట్లు. ఇవి చేపలే తింటాయి, ఎదురుగా సీల్ ఈదుతున్నా ముట్టవు. చేపల్లోనూ చినూక్ సాల్మన్ అంటేనే ప్రాణం. వేసవిలో వీటి తిండిలో నూటికి ఎనభై వంతులు అదే. మీ అమ్మగారి తల్లి ఈ రెండో ఇంటి ఆడపడుచు.

ఆవిడకి పేరుంది. టాలెక్వా. లెక్కల్లో జె35. సదరన్ రెసిడెంట్లలో జె, కె, ఎల్ అని మూడు గుంపులు, ఆవిడది జె. ప్రతిదానికీ నంబరు ఎలా వచ్చిందంటే, వీపు మీద రెక్క అంచు, దాని వెనక బూడిదరంగు మచ్చ మన వేలిముద్రల్లాగా ఏ రెండింటికీ ఒకలా ఉండవు. 1970ల్లో కెనడాలో మైకేల్ బిగ్ అనే ఆయన అది కనిపెట్టాడు. ఆయన పేరే ఆ మొదటి జాతికి పెట్టారు. ఇటుపక్క 1976 నుంచి కెన్ బాల్కమ్ ఈ ద్వీపంలోనే ఉండి ఏటా ఒక్కోదాన్నీ ఫొటో తీసి లెక్క రాశాడు. 2022 డిసెంబరులో పోయాడు పాపం. ఆయన పెట్టిన సంస్థ ఇప్పటికీ ఏటా జులై ఒకటో తారీఖుకి జనాభా లెక్క తేలుస్తుంది. 1995లో 98 ఉండేవి. 2024 లెక్కలో 73. మా పార్కులో ఈ మాట చెబితే "డెబ్బై మూడు వేలా?" అని అడుగుతారు. కాదండి, డెబ్బై మూడే. మా వీధి పెళ్ళికి వచ్చిన జనం అంతకంటే ఎక్కువ.

టాలెక్వా 2018 జులై 24న ఒక ఆడపిల్లని కంది. అరగంట బతికింది. ఆ పిల్లని పదిహేడు రోజులు మోసింది, దగ్గర దగ్గర వెయ్యి మైళ్ళు. జారి నీళ్ళలో మునిగిపోతుంటే మళ్ళీ లోపలికి వెళ్ళి తెచ్చుకునేది. అప్పుడు నేను వచ్చి నాలుగేళ్ళు. ఊళ్ళో పోస్టాఫీసులో, పచారీ కొట్టులో ఎవరు కలిసినా ముందు అదే అడిగేవారు, ఇంకా మోస్తోందా అని. 2020 సెప్టెంబరులో మళ్ళీ కంది, మగపిల్లాడు, ఫీనిక్స్ అంటారు, వాడు నిక్షేపంలా ఉన్నాడు. పెద్దకొడుకు నాచ్ అంతకు ముందే ఉన్నాడు. 2024 డిసెంబరులో ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఏడాది చివరిలోపే పోయింది. దాన్నీ మోసింది. మీ అమ్మగారు చూసింది ఆ రెండోసారి.

ఇంక మీ అసలు ప్రశ్న. నన్నడిగితే పడవ వద్దు. టూరు పడవల మీద నాకు కోపం లేదు, వాళ్ళలో చాలామంది నియమం తప్పకుండా నడుపుతారు. 2025 జనవరి ఒకటి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో సదరన్ రెసిడెంట్లకి వెయ్యి గజాల లోపు ఏ పడవా వెళ్ళకూడదు. తెడ్డు వేసే కయాక్ అయినా సరే. అంటే మీరు డబ్బు కట్టి పడవెక్కినా, టాలెక్వా ఎదురైతే ఆ పడవ వెనక్కి తిరగాల్సిందే. కిలోమీటరు దూరం నుంచి మీకు కనపడేది ఒక నల్లచుక్క. ఈ చట్టం ఎందుకొచ్చిందంటే, అవి కళ్ళతో కాదు, చెవులతో వేటాడతాయి. టిక్ టిక్ మని శబ్దం వదిలి, అది చేపకి తగిలి తిరిగొస్తే వెతుక్కుంటాయి. మధ్యలో ఇంజను రొద ఉంటే ఆ జవాబు వినపడదు. నాలుగు వందల గజాల లోపు పడవ వస్తే ముఖ్యంగా ఆడవి వేట మానేస్తున్నాయని పరిశోధకులు చూశారు. కంచం ముందు కూర్చున్న మనిషిని లేపినట్టు.

ఒడ్డు నుంచి చూడండి. లైమ్ కిల్న్ పాయింట్ పార్కు, ద్వీపం పడమటి వైపు. అక్కడ 1919 నాటి చిన్న దీపస్తంభం ఉంది. దాని ముందున్న హారో జలసంధి ఒడ్డు దగ్గరే ఒక్కసారిగా లోతుకి దిగిపోతుంది. అంచేత ఓర్కాలు బండకి ఆనుకుని వెళ్ళగలవు. నేను ఒకసారి ఎంత దగ్గర చూశానంటే, ఊపిరి వదిలినప్పుడు ఆ తుంపర నా కళ్ళజోడు మీద పడింది. చేపల కంపు, చెప్పకూడదు గానీ, యానాం చేపల రేవు గుర్తొచ్చింది.

కచ్చితంగా కనిపిస్తాయా అంటే, కనిపించవు. ఒకప్పుడు జూన్, జులైలలో రోజూ వచ్చేవి, ఫ్రేజర్ నదికి ఎక్కే చినూక్ కోసం. ఇప్పుడు ఆ చేప తగ్గిపోయి ఇవి ఆకలితో ఉన్నాయి, వారాల తరబడి రావు. మూడు శనివారాలు వరసగా ఉత్త నీళ్ళు చూపించి పంపించాను జనాన్ని. జులై అయితే ఆగస్టు కంటే కాస్త నయం, అంతవరకే చెప్పగలను. కానీ ఒడ్డు మీద కూర్చున్నందుకు ఊరికే పోదు. వచ్చేటప్పుడు మడత కుర్చీలు రెండు, స్వెట్టర్లు, పార్కులో కారు పెట్టడానికి డిస్కవర్ పాసు తెచ్చుకోండి. పార్కింగ్ నుంచి కాలిబాట చిన్నదే, నాన్నగారు ఆగుతూ రావచ్చు. ఫెర్రీకి కారు చోటు ముందే రిజర్వు చేసుకోండి, వేసవిలో అనకోర్టెస్ వరసలో చిక్కుకుంటే మీ పులిహోర అక్కడే అయిపోతుంది. వెళ్ళేటప్పుడే టికెట్టు, వచ్చేటప్పుడు అడగరు.

గాలం గంగన్న:

నాది గూడ ఒక మాట, అక్క కోపం చేసుకోవద్దు. నేను ఎవరెట్ల ఉంట, మాది వరంగల్ దిక్కు. తొమ్మిదేండ్ల సంది గాలం పట్టుకొని తిరుగుతున్న. ఓర్కాల పేరు చెప్పి ఏటేటా మా సీజన్ల రోజులు తగ్గిస్తున్నరు. ఉన్న నాలుగు దినాలల్ల గూడ దొరికిన చినూక్‌కు వెనుక వీపు మీద చిన్న కొవ్వురెక్క కోసి ఉంటేనే ఇంటికి తెచ్చుకోవాలె, అది హేచరీల, అంటె చేపపిల్లలను పెంచే కాడ, పెంచిన చేప అన్నట్టు. రెక్క ఉంటే అడవి చేప, మెల్లగ వదిలెయ్యాలె. మేం వదుల్తున్నం. మల్ల సీళ్ళు ఎన్ని తింటున్నయ్? మేం వదిలిన చేపను మా గాలం మీది నుంచే గుంజుకపోయిన సీల్‌ను నేను చూసిన. గాలం పట్టెటోడు దొరికిండని మా మీదనే పడ్తరెందుకు? సరే, ఓర్కాలు బతకాలె, నాకు గూడ పిల్లలున్నరు. గని లెక్క అందరికి రాయండ్రి.

బోథెల్ బుజ్జి:

శుక్రవారం రేవు అక్కా, మీ జవాబు అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. జులై రెండో శనివారానికి ఫెర్రీ రిజర్వు చేశాను.

ఇప్పుడు అమ్మ ప్రశ్నలు. ఒకటి, ఆకలితో ఉన్నాయంటున్నారు కదా, ప్రభుత్వమే పడవల్లో చేపలు తెచ్చి వెయ్యొచ్చు కదా అంట. రెండు, ఆ చేప సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కుతుందంటే పులస లాంటిదేనా, దానికీ ధవళేశ్వరం అడ్డం వచ్చిందా అంట. మూడు, పుట్టిన పిల్లలు ఎందుకు పోతున్నాయి, మొదటి పురుడుకి తల్లి ఒంట్లో ఏముంటుంది అంట. (ఆవిడ ఊళ్ళో ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ చేసింది, అడిగింది చెప్పేదాకా వదలదు.)

శుక్రవారం రేవు:

ముందు గంగన్న తమ్ముడికి. నీ మీద ఎందుకు కోపమయ్యా, నిజమే చెప్పావు. రెక్క ఉన్నది వదిలేస్తున్నానన్నావు చూడు, అలా వదిలేవాడే ఈ పూట మాకు కావలసినవాడు. గాలంవాళ్ళు ఒక్కరే చినూక్‌ని తగ్గించలేదు. నూరేళ్ళ బట్టీ నదులకి ఆనకట్టలు కట్టారు, ఒడ్డున చెట్లు కొట్టేశారు, ఏటిపాయల్ని పూడ్చి ఊళ్ళు కట్టారు. ప్యూజెట్ సౌండ్, అంటే సియాటిల్ ముందున్న సముద్రపాయ, అక్కడి చినూక్‌నే 1999లో ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. ఓర్కాల వంతు 2005లో వచ్చింది. తిండి పోయిన ఆరేళ్ళకి తినేవాళ్ళని చూశారన్నమాట. అయితే లెక్క అందరికీ రాయమన్నావే, అందులో ఇక్కడి ఆదివాసీ జాతుల్ని గాలంవాళ్ళతో ఒకే వరసలో వెయ్యకు. వాళ్ళకి చేపల్లో సగం వాటా ఒప్పందాల హక్కు, 1974లో కోర్టు తేల్చింది. అవతలి తీరాన ఉండే లమ్మీలు ఓర్కాల్ని అలల కింద ఉండే మా చుట్టాలు అంటారు. ఊరికే మాటవరసకి అనరు.

అమ్మగారూ, ఇంక మీకు.

చేపలు తెచ్చి వెయ్యడం చట్టప్రకారమే నేరం ఇక్కడ. పైగా ఒక్కో పెద్ద ఓర్కాకి రోజుకి 18 నుంచి 25 పెద్ద సాల్మన్లు కావాలి. డెబ్బైమందికి వండి వార్చాలంటే ఎవరి వల్లవుతుంది? అందుకని వేరే దారి పట్టారు. 2018లో గవర్నరు ఒక బృందాన్ని వేశాడు. ఆ తరవాత హేచరీల్లో చినూక్ పిల్లల్ని ఎక్కువ పెంచి నదుల్లో వదులుతున్నారు. అవి సముద్రానికి వెళ్ళి ఎదిగి రావాలంటే మూడు నాలుగేళ్ళు. మీరు అంగన్‌వాడీలో చేసిన పనే, కాకపోతే కోడిగుడ్డు చేతికివ్వకుండా కోడిపెట్టని పెంచుతున్నారు.

పులస ప్రశ్నకి నేను లేచి నిలబడ్డానండి. ఇన్నేళ్ళలో ఆ పార్కులో నన్నెవరూ అడగని ప్రశ్న. చినూక్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, పుట్టిన ఏటికే ఎదురెక్కి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. అక్కడ మాత్రం పులసకీ దీనికీ తేడా, పులస గుడ్లు పెట్టి వెనక్కి పోగలదు. మిగతాదంతా మన కథే. సముద్రంలో ఉండగా విలస, వరదనీళ్ళకి గోదాట్లో ఎక్కాక పులస. ధవళేశ్వరం దగ్గర గోడకి తల కొట్టుకుని ఆగిపోతుంది. మా తాతగారు అనేవారు, ఆనకట్ట లేనప్పుడు పైన ఎక్కడిదాకానో దొరికేదని వాళ్ళ తాతలు చెప్పుకునేవారట. పుస్తెలమ్మినా పులస తినాలి అన్నారు గానీ, ఇప్పుడు పుస్తెలమ్మినా దొరకడం లేదు. ఇక్కడ ఓర్కాలది అదే పరిస్థితి, వాటికి అమ్ముకోడానికి పుస్తెలు కూడా లేవు.

కానీ ఇక్కడ ఒకచోట గోడ తీసేశారండి. మా ద్వీపానికి నైరుతిగా, జలసంధి అవతలి గట్టున ఎల్వా అనే నది. దాని మీద రెండు ఆనకట్టలు, ఒకటి 1913 నాటిది, ఒకటి 1927. చేపలు ఎక్కడానికి మెట్ల దారి కూడా పెట్టకుండా కట్టారు. 2011లో మొదలెట్టి 2014కి రెండూ పగలగొట్టారు. నేను వెళ్ళి చూశాను. జలాశయం ఉన్నచోట ఇసకలో పిల్ల చెట్లు, మధ్యలో నది తనకి తోచినట్టు పాయలు పాయలుగా. చినూక్ పైకి ఎక్కుతోంది, నెమ్మదిగా. స్నేక్ నది మీద ఇంకో నాలుగు తియ్యాలని ఇరవై ఏళ్ళకి పైగా తగవు. గోధుమ రైతులు పడవల మీద ధాన్యం పంపేది ఆ నీళ్ళలోనే, కరెంటూ అక్కడిదే. కాటన్ దొర ఆనకట్ట తీసెయ్యమంటే మన డెల్టా ఊరుకుంటుందా? అంచేత నేను ఆ రైతుల్ని తిట్టను. కానీ తీస్తేనే బాగుణ్ణని మాత్రం అనుకుంటాను.

మూడోది, పురుడు సంగతి. ఇది మీకు చెబితే వెంటనే అర్థమవుతుంది. పాతకాలంలో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన పీసీబీలనే రసాయనాలని 1979లో ఇక్కడ నిషేధించారు. నిషేధించినా అవి నీళ్ళలోంచి పోలేదు. చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి, పెద్ద చేపలోంచి ఓర్కా కొవ్వులోకి చేరతాయి. తిండి దొరికినంతకాలం ఆ విషం కొవ్వులోనే పడి ఉంటుంది. ఆకలేసి కొవ్వు కరిగితే రక్తంలోకి వస్తుంది. తల్లి పాలిస్తే పాలలో పోతుంది. మొదటి పిల్లకి ఎక్కువ పోతుంది. తల్లి ఒళ్ళు తేలికపడేది బిడ్డ మీద పడి. కడుపుతో ఉన్నవాటి పేడని, అదే నీళ్ళ మీద తేలేదాన్ని, పడవ ముందు కుక్కని నిలబెట్టి వాసన పట్టించి పట్టుకున్నారు. టకర్ అనే నల్లకుక్క, దానికి నీళ్ళంటే భయమట, విచిత్రం! అలా పట్టినదాన్ని పరీక్ష చేస్తే, నిలిచిన కడుపుల్లో నూటికి 69 దాకా పోతున్నాయని 2017లో తేల్చారు. ఆకలే ముఖ్యకారణం అన్నారు.

ఇంకొకటి, అడక్కపోయినా చెబుతాను. ఈ గుంపు ఇంత చిన్నదవడానికి ఇంకో పాపం ఉంది. 1960లు, 70లలో అక్వేరియాల కోసం పిల్లల్ని పట్టుకుపోయారు. పెద్దవాటిని లారీ మీద మొయ్యలేరు కాబట్టి పిల్లల్నే. 1970 ఆగస్టు 8న విడ్బీ ద్వీపం పెన్ కోవ్‌లో మందుగుళ్ళు పేల్చి, పడవలతో తరిమి, వలల్లో మూశారు. ఏడు పిల్లల్ని అమ్మారు. వలలో చిక్కి మునిగి చచ్చిపోయిన వాటి కడుపులు కోసి, రాళ్ళు నింపి ముంచారు, బయటికి తెలియకుండా. కొన్నాళ్ళకి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అమ్మిన ఏడింటిలో చివరిదాకా బతికింది టొకిటే. మయామిలో ఒక తొట్టెలో యాభై మూడేళ్ళు. ఇంటికి తీసుకొస్తామన్న ఏడాదే, 2023 ఆగస్టు 18న పోయింది. బూడిదని లమ్మీలు తెచ్చి ఈ నీళ్ళలో కలిపారు. ఆ తరవాతి ఏళ్ళలో పిల్లల్ని కనాల్సిన ఒక తరమే లేకుండా పోయింది. దాని దెబ్బ ఇప్పటికీ తగులుతోంది.

వచ్చేటప్పుడు మరో రెండు జాగ్రత్తలు. అమెరికన్ క్యాంపు వైపు వెళితే నక్కలు కారు దగ్గరికి వస్తాయి. నల్లవి, ఎర్రవి, బూడిదవి, అన్నీ ఒకే జాతి. ఒక్క జంతిక ముక్క కూడా వెయ్యకండి, తిండికి అలవాటుపడి కార్ల కింద పడుతున్నాయి. జులైలో ఒడ్డున సీల్ పిల్ల ఒంటరిగా కనిపిస్తే తల్లి వదిలేసిందనుకోకండి, మేతకి వెళ్ళుంటుంది. నేను వచ్చిన కొత్తలో మా ఆడపడుచు జాలిపడి ఒకదానికి తువ్వాలు కప్పింది. జనం అరిచిన అరుపులకి ఆవిడ ఇప్పటికీ మా ద్వీపానికి రానంటుంది. ఆ అమెరికన్ క్యాంపు గడ్డిలోనే ఐలాండ్ మార్బుల్ అనే తెల్ల సీతాకోకచిలుక ఉంది. తొంభై ఏళ్ళు పోయిందనుకున్నది, 1998లో మళ్ళీ కనపడింది. ప్రపంచం మొత్తం మీద ఇక్కడే ఉంది. మీరు వచ్చేసరికి దాని కాలం అయిపోతుంది లెండి, మే నెలలో అయితే చూపించేదాన్ని.

బోథెల్ బుజ్జి:

వెళ్ళొచ్చాం. ఏం జరిగిందో రాస్తున్నాను.

పదిన్నరకి పార్కులో ఉన్నాం. కారు దిగగానే మూడు ఫోన్లూ కలిసి "కెనడాకి స్వాగతం" అన్నాయి. నాన్న కంగారుపడి వీసా ఉందో లేదో అని అడిగారు. అక్క తెచ్చిన ఉప్మా పెసరట్టు సంగతి రాయడం మర్యాద కాదు, అందరూ ఫ్రైడే హార్బర్ బయల్దేరతారు.

పదిన్నర నుంచి అయిదింటి దాకా కూర్చున్నాం. ఓర్కా లేదు. సీళ్ళు తలలు పైకెత్తి చూసి మునిగాయి. పోర్పాయిస్‌లు రెండు వెళ్ళాయి. నెత్తిన తెల్లతల గద్ద ఒకటి గంటసేపు కదలకుండా కూర్చుంది, నాన్న దాంతో పోటీపడ్డారు. చిన్నోడూ, నువ్వన్న కంటెయినర్ ఓడలు కూడా వచ్చాయి, లెక్క రాశాను, నాలుగు.

ఆ నాలుగోది వెళుతున్నప్పుడు అక్క ఫోనులో నీళ్ళలోపలి మైకు శబ్దం పెట్టి అమ్మ చెవికి తగిలించింది. పైన మాకు ఏమీ వినపడలేదు, ఓడ అంత దూరాన ఉంది. అమ్మ మొహం మారిపోయింది. తీసి నాకిచ్చింది. లోపల పెళ్ళివంటల దగ్గర రుబ్బురోలు గ్రైండర్లు పది ఒకేసారి తిరుగుతున్నట్టుంది. "ఇంత రొదలోనా అది చేపని వెతుక్కునేది" అంది. ఆ తరవాత గంటసేపు మాట్లాడలేదు. ఓడ కనుమరుగయ్యాక కూడా ఆ శబ్దం చాలాసేపు ఉంది.

తిరుగు ఫెర్రీలో అసలు కథ. నాన్న కింద కారులో నిద్ర. కెప్టెన్ మైకులో కుడివైపు ఓర్కాలున్నాయని చెప్పి వేగం తగ్గించాడు. జనమంతా కుడివైపుకి పరుగు. అయిదు రెక్కలు, ఒకటి నిలువెత్తు. అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఆ తల్లేనా?" అంది. నేను అక్క చెప్పినట్టు రెక్క కొన చూశాను, సూదిగా ఉంది. వెనక మచ్చ మధ్యలో నల్లగీత లేకుండా నిండుగా ఉంది. బిగ్స్. "కాదమ్మా, ఇవి సీళ్ళు తినేవి" అన్నాను. "అయితే చూసినట్టు లెక్క కాదు" అంది. చుట్టూ జనం కేరింతలు కొడుతుంటే ఆవిడ ఒక్కతే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

గాలం గంగన్న:

అమ్మ చెప్పిందే రైటు. గట్లనే ఉండాలె. ఈసారి నాకు రెక్క కోసిన చినూక్ దొరికితే బోథెల్‌కు తెస్త, అమ్మతోని పులుసు పెట్టించు. ఆ తల్లికి అంత ఇష్టమైన చేప ఎట్లుంటదో అమ్మకు గూడ తెల్వాలె కద.

శుక్రవారం రేవు:

బుజ్జీ, అమ్మగారిని లేపు. రాత్రి పదకొండున్నరకి రాస్తున్నాను. జె గుంపు దక్షిణం నుంచి పడమటి ఒడ్డు పట్టుకుని వస్తోందని ఇప్పుడే కబురొచ్చింది. చీకట్లో కనపడవు, కానీ నీళ్ళలోపలి మైకులు వినిపించే ఓర్కాసౌండ్ సైటు తెరిచి హారో జలసంధి మైకు పెట్టు. ఇవి బిగ్స్‌లాగా నోరు మూసుకుని తిరగవు, చేపకి వాటి మాట వినపడదు కాబట్టి ఆగకుండా మాట్లాడుకుంటూనే ఉంటాయి. అందులో ఆవిడ గొంతు ఏదో నేనూ చెప్పలేను. ఆ గుంపులో ఉంది, అంతే. త్వరగా, ఓడ ఏదీ రాకముందే.

బోథెల్ బుజ్జి:

లేపాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వంటింటి గట్టు దగ్గర నిలబడి వింటోంది. తలుపు కిర్రుమన్నట్టు, పిల్లి కూసినట్టు, మధ్యలో ఈల. నాన్న కూడా లేచి ఒక చెవిది తనకిమ్మని మూడోసారి అడుగుతున్నారు. ఇవ్వడం లేదు.